ఎరువు తెచ్చుకున్న పాట

బెర్గెన్ రేవులో మా ఓడ ఆరు రోజులు ఆగింది. వాన మాత్రం ఆ ఆరు రోజులూ ఆగలేదు. ఏడాదికి 2,200 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే ఊరు అది. మా విశాఖపట్నంలో పడేది దాదాపు అందులో సగం. నేనప్పుడు ఫోర్త్ ఇంజనీర్‌ని. పంపు విడిభాగం ఒకటి రావడం ఆలస్యమైంది కాబట్టి మాకు సాయంత్రాలు ఖాళీ దొరికాయి. రెండో రోజు మా సెకండ్ ఇంజనీర్‌తో కలిసి ఊళ్ళోకి వెళ్ళాను. ఆయనది ఐర్లండ్‌లోని కార్క్. పెద్ద మనిషి, పనిలో నాకు గురువు లాంటివాడు.

చేపల మార్కెట్ వెనక సందులో ఒక చిన్న పబ్బులో కూర్చున్నాం. స్పీకర్లలో ఒక పాట వస్తోంది. కింద డ్రమ్స్, గిటార్లు ఇంజన్ రూమ్ మోతలా దడదడలాడుతున్నాయి. వాటి మీద సన్నగా, పిట్టలా, ఒక రేకు పిల్లనగ్రోవి ఎగురుతోంది. గొంతు పూర్తిగా బొంగురు. పాట ఇంగ్లిష్‌లో ఉంది. ఐర్లండ్ వాళ్ళ పాటే అనుకుని నేను సెకండ్ మొహం వైపు చూశాను. ఆయన బల్ల దగ్గరికి వచ్చిన కుర్రాడిని అడిగాడు, వీళ్ళెవరని. "మా ఊరి వాళ్ళే" అన్నాడు ఆ కుర్రాడు, కొంచెం గర్వంగానే. సెకండ్ గ్లాసు కింద పెట్టి, "వాళ్ళది కాని పాట వాళ్ళకెందుకు?" అన్నాడు.

నేను తలూపాను. ఆయన మీద గౌరవం వల్ల కొంత. ఎక్కువగా మాత్రం మా నాయనమ్మ మాట వల్ల. పెళ్ళికి పక్కింటి గొలుసు అడిగి తెచ్చుకుంటే ఆవిడ మెడ తిప్పుకునేది. "ఎరువు సొమ్ము బరువు చేటు, పోతే అప్పుల చేటు" అనేది. ఎరువు, అంటే అరువు, తెచ్చుకున్నది ఎంత మెరిసినా మనది కాదని నా మనసులో నాటుకుపోయింది. ఆ సాయంత్రం తలూపినందుకు ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ తలూపు తప్పని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ బృందం పేరు గ్రీన్‌ల్యాండ్ వేల్‌ఫిషర్స్. 1994లో బెర్గెన్‌లోనే మొదలైంది. విజిల్ (ఆ రేకు పిల్లనగ్రోవి), మాండలిన్, బాంజో ఒక పక్క, కరెంటు గిటార్లు, డ్రమ్స్ ఇంకో పక్క. దీన్ని ఫోక్ పంక్ అంటారు, ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే సెల్టిక్ పంక్. పంక్ 1970ల్లో న్యూయార్క్, లండన్ క్లబ్బుల్లో పుట్టింది. గిటారు మీద మూడు స్వర గుచ్ఛాలు (కార్డ్స్) వస్తే చాలు, స్టేజీ ఎక్కి నీ కోపం నువ్వు పాడుకో అన్న సంగీతం అది. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో ఫిడేలు మీద, విజిల్ మీద తరతరాలుగా వాయించే నాట్య బాణీలను ఆ వేగంతో, ఆ కోపంతో కలిపితే వచ్చేది సెల్టిక్ పంక్. ఆ బాణీల్లో జిగ్ అనేది మన తిశ్రగతిలా ఊగుతుంది. రీల్ చతురశ్రంలా పరుగెడుతుంది. తాళం తెలిసిన తెలుగు చెవికి ఇవి కొత్తగా అనిపించవు, ఒక్కసారి వింటే కాలు దానంతటదే కదులుతుంది.

సరే, సెకండ్ వేసిన ప్రశ్నకు వద్దాం. ఐరిష్ పాట నార్వే వాళ్ళకెందుకు? ఈ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. ఐరిష్ పాట ఐరిష్ మట్టిలో మొలిచింది, అందులో పరాయిది ఏమీ లేదు అని. నేను కూడా అలాగే అనుకునేవాణ్ణి. తర్వాత ఓడ మీద తీరిక దొరికినప్పుడల్లా ఆ సంగీతం వింటూ, దాని గురించి చదువుతూ పోయాక ఆ నమ్మకం ఒక్కో వాయిద్యం దగ్గరా సడలిపోయింది.

ఆ రేకు విజిల్‌ని ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మింది రాబర్ట్ క్లార్క్ అనే ఇంగ్లిష్ వాడు. సఫోక్ పల్లె నుంచి మాంచెస్టర్ చేరి 1843లో వ్యాపారం పెట్టాడు. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో అమెరికాలో పుట్టి, అట్లాంటిక్ దాటి ఐర్లండ్ చేరింది. అకార్డియన్, కాన్సర్టినా పందొమ్మిదో శతాబ్దపు ఫ్యాక్టరీ సరుకు. మన హార్మోనియంలో పలికే లోహపు రీడ్లే వాటిలోనూ పలుకుతాయి. ఈ రోజు ఐరిష్ కచేరీల్లో తప్పనిసరి అయిపోయిన బుజూకీ గ్రీసు నుంచి 1960ల్లో వచ్చింది. ఫిడేలు ఇటలీ పనివాళ్ళ చేతుల్లో రూపం తెచ్చుకుంది. ఇవన్నీ పక్కన పెట్టి ఐరిష్ సంగీతం వాయించండి చూద్దాం అంటే గొంతు, వీణ లాంటి హార్ప్, బ్యాగ్‌పైపులు, ఇంకొన్ని మాత్రమే మిగులుతాయి.

ఇది ఐరిష్ సంగీతాన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. నాకు ప్రాణమైన సంగీతాల్లో అది ఒకటి. వచ్చిన ప్రతి వస్తువునీ తన మాట పలికేలా మార్చుకోవడమే దాని గొప్పతనం. మరి వాళ్ళు ప్రపంచం నుంచి తెచ్చుకుంటే సంప్రదాయం, ప్రపంచం వాళ్ళ నుంచి తెచ్చుకుంటే నకలు ఎలా అవుతుంది?

సెల్టిక్ పంక్‌కి తల్లిలాంటి బృందం ద పోగ్స్. వాళ్ళు మొదలైంది డబ్లిన్‌లో కాదు, 1982లో లండన్‌లోని కింగ్స్ క్రాస్ ప్రాంతంలో. వాళ్ళ గాయకుడు షేన్ మెక్‌గవన్ ఐరిష్ తల్లిదండ్రులకు ఇంగ్లండ్‌లోని కెంట్‌లో పుట్టాడు. విజిల్ వాయించిన స్పైడర్ స్టేసీ, అకార్డియన్ వాయించిన జేమ్స్ ఫియర్న్‌లీ, బాంజో వాయించిన జెమ్ ఫైనర్, ముగ్గురూ ఇంగ్లిష్ వాళ్ళే. వాళ్ళు పాడగా జనమంతా ఐరిష్ పాట అనుకునే ఒక పాట ఇంగ్లండ్‌లోని సాల్‌ఫర్డ్ అనే ఫ్యాక్టరీ ఊరి గురించినది. రాసిన ఇవాన్ మెకాల్ అక్కడే స్కాట్లండ్ తల్లిదండ్రులకు పుట్టినవాడు. 1980ల నడుమ ఐర్లండ్ సంప్రదాయ విద్వాంసులు కొందరు పోగ్స్‌ని ఘోరంగా తిట్టారు. ఒక కాన్సర్టినా విద్వాంసుడు రేడియోలో వాళ్ళ ఎదురుగానే తిట్టాడు. మా సంగీతాన్ని పాడు చేస్తున్నారని, తాగుబోతుల సంగీతంగా చూపిస్తున్నారని వాళ్ళ బాధ. ఆ బాధ అబద్ధం కాదు, దానికి మళ్ళీ వస్తాను. కానీ 1987కల్లా సంప్రదాయ సంగీతంలో పెద్దలైన డబ్లినర్స్ బృందమే పోగ్స్‌తో కలిసి ఒక పాట పాడింది. 2023 నవంబరు 30న మెక్‌గవన్ పోయినప్పుడు ఐర్లండ్ తన సొంత కవిని పోగొట్టుకున్నట్టు ఏడ్చింది. కెంట్‌లో పుట్టి, లండన్ పంక్ క్లబ్బుల్లో పెరిగినవాడి కోసం!

అంటే ఎవరు లోపల, ఎవరు బయట అన్న గీత నలభై ఏళ్ళలో జరిగిపోయింది. రేపు ఇంకా జరుగుతుంది.

ఇప్పుడు బెర్గెన్ వాళ్ళ పేరు సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే, కాబట్టి కాస్త నిలబడి చెప్తాను.

గ్రీన్‌ల్యాండ్ తిమింగల వేట మీద ఒక పాత ఓడల పాట ఉంది. ఎవరు కట్టారో తెలియదు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోనే అచ్చు కాగితాల మీద అమ్ముడుపోయింది. పోగ్స్ తమ మొదటి ఆల్బంలో, 1984లో, దాన్ని పాడారు. బెర్గెన్ బృందం పేరు ఆ పాట నుంచి వచ్చిందే. కథ చిన్నది. ఓడ ఉత్తరానికి పోతుంది. కాపలావాడు తిమింగలాన్ని చూసి కేకవేస్తాడు. పడవ దించుతారు, ఈటె విసురుతారు. తిమింగలం తోకతో ఒక్క దెబ్బ కొడుతుంది. పడవ బోల్తా పడి మనుషులు పోతారు, తిమింగలం వెళ్ళిపోతుంది. అప్పుడు కెప్టెన్ బాధపడతాడు. ఎవరి కోసం? ఇక్కడే పాట రెండుగా చీలుతుంది. కొందరు పాడేదాంట్లో, తిమింగలం పోయినందుకు బాధే గానీ మనుషులు పోయినందుకు పదింతలు బాధ అంటాడు. ఇంకొందరు పాడేదాంట్లో సరిగ్గా తిరగబడుతుంది. మనుషులు పోయినందుకు బాధే గానీ, తిమింగలం పోయినందుకు ఇంకా ఎక్కువ అంటాడు.

ఒక్క మాట అటుదిటు చేస్తే యజమానులందరి చరిత్ర మారిపోతుంది. ఓడ మీద పదకొండేళ్ళు పనిచేసినవాడిగా చెప్తున్నాను, నాకు రెండు రకాల కెప్టెన్లూ తెలుసు. ఆ పాట పాడిన నావికులకూ ఇద్దరూ తెలుసు కాబట్టే రెండు పాఠాలూ బతికాయి. జానపదం అంటే ఇది. నోటి నుంచి నోటికి మారేటప్పుడు ప్రతివాడూ తను చూసినది అందులో పెడతాడు. ఇందులో అసలు ఏది, నకలు ఏది అని వెతకడం వృథా శ్రమ.

ఇక గ్రీన్‌ల్యాండ్ అనే మాట. 1596లో డచ్ నావికుడు బారెంట్స్ ఉత్తరాన స్పిట్స్‌బర్గెన్ దీవులను చూశాడు. 1611లో ఇంగ్లిష్ వాళ్ళు అక్కడ తిమింగల వేట మొదలుపెట్టారు. తర్వాత డచ్ వాళ్ళు పోటీకి దిగారు. ఆ దీవులు గ్రీన్‌ల్యాండ్‌లో భాగమే అనుకున్నారు వేటగాళ్ళు. అందుకే అక్కడి వేటను కూడా గ్రీన్‌ల్యాండ్ వేట అనే పిలిచారు. ఒళ్ళంతా కొవ్వుతో నిండి, చచ్చినా మునగని తిమింగలం అక్కడ దొరికేది. దాని నూనె దీపాలకూ సబ్బులకూ, నోట్లోని పలకలు ఆడవాళ్ళ నడుం పట్టీలకూ పోయేవి. ఆ సముద్రంలో అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయేదాకా ఆ వేట సాగింది. ఆ స్పిట్స్‌బర్గెన్ ఈ రోజు ఏ దేశానిది? నార్వేది. 1920 ఒప్పందం ప్రకారం 1925లో నార్వే చేతికి వచ్చిన స్వాల్‌బార్డ్ దీవులు అవే. అసలు గ్రీన్‌ల్యాండ్‌తో బంధం కావాలంటే అదీ ఉంది. 1721 మే నెలలో హాన్స్ ఎగెడె అనే మత గురువు గ్రీన్‌ల్యాండ్‌కు ఓడ ఎక్కింది ఈ బెర్గెన్ రేవు నుంచే. ఆ ప్రయాణానికి డబ్బు పెట్టిన కంపెనీ కూడా బెర్గెన్‌దే.

అంటే మా సెకండ్ "వాళ్ళది కాదు" అన్న పాటలో ఆ మంచు, ఆ చీకటి, ఆ నీళ్ళు కొంతవరకు వాళ్ళవే. ఇది ఆ రోజు నాకు తెలిసి ఉంటే తలూపే ముందు ఆగేవాణ్ణి.

సముద్రాన్ని గోడ అనుకునేవాళ్ళు నేల మీద ఉండేవాళ్ళు. పాత రోజుల్లో బెర్గెన్ నుంచి కొండల మీదుగా ఓస్లో చేరడం కంటే పడవ మీద స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులు చేరడమే సులువు. డబ్లిన్ ఊరు మొదలైంది 841లో వైకింగులు, అంటే నార్వే వైపు నుంచి వచ్చిన సముద్ర యోధులు, వేసిన ఓడల శిబిరంగానే. ఐరిష్ భాషలో కిటికీని ఫిన్యోగ్ అంటారు, అది ఆ వైకింగుల నార్స్ భాష మాట. సంతను మారగా అంటారు, అదీ నార్స్ మాటే. కాడ్ చేప పేరూ అంతే. షెట్లాండ్, ఆర్క్నీ దీవులు 1460ల చివరిదాకా నార్వే రాజ్యంలోవి. రాజకుమారి మార్గరెట్ కట్నం డబ్బు చెల్లించలేక స్కాట్లండ్ రాజుకు తాకట్టు పెట్టారు, మళ్ళీ విడిపించుకోలేదు. తిమింగల వేట ఓడలు ఆ షెట్లాండ్‌లోని లెర్విక్ రేవులో ఆగి కూలీలను ఎక్కించుకునేవి. వాళ్ళతో ఫిడేళ్ళూ ఎక్కేవి. ఉత్తర సముద్రంలో నేర్చుకున్న బాణీలు వాళ్ళతో తిరిగొచ్చేవి. నార్వే జాతీయ స్వరకర్తగా పూజలందుకునే ఎడ్వర్డ్ గ్రీగ్ 1843లో బెర్గెన్‌లో పుట్టాడు. ఆయన ముత్తాత స్కాట్లండ్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన వ్యాపారి. ఆయన సంగీతంలో నార్వే కొండలు వినిపిస్తాయని అందరూ అంటారు. ఆయన ఇంటిపేరు స్కాట్లండ్‌దని ఎవరూ ఆయన్ని బయటికి నెట్టలేదు.

బెర్గెన్ గురించి ఇంకో విషయం కూడా చెప్పాలి. 1990ల మొదట్లో ఆ ఊరు ప్రపంచానికి తెలిసింది గిటార్ల హోరుతో, అరుపులతో సాగే బ్లాక్ మెటల్ సంగీతం వల్ల. మా పూర్వీకుల నార్స్ దేవుళ్ళు, మా మంచు అడవులు, మా రక్తం అంటూ అరిచిన కుర్రాళ్ళు వాళ్ళలో ఉన్నారు. అలాంటి కొందరు చర్చిలు తగలబెట్టి జైలుకు వెళ్ళారు. బెర్గెన్ శివార్లలో ఫాంటోఫ్ట్ అనే కట్టెల చర్చి ఉండేది. పన్నెండో శతాబ్దపు కట్టడం అది. 1992 జూన్ 6న దానికి ఎవరో నిప్పంటించారు, బూడిదైపోయింది. ఇప్పుడున్నది తిరిగి కట్టింది. అందరూ అలాంటివాళ్ళు కారు, ఆ సంగీతంలో నిజమైన కళాకారులు ఉన్నారు. నా దృష్టిని ఆకర్షించింది వేరే. బ్లాక్ మెటల్‌ని ప్రపంచమంతా నార్వే సొంత సంగీతం అంటుంది. కానీ ఆ పేరే ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కి చెందిన వెనమ్ బృందం 1982లో తెచ్చిన ఆల్బం నుంచి వచ్చింది. కరెంటు గిటారు అమెరికాది. మొహాలకు పూసుకునే రంగు కూడా బయట నుంచి వచ్చిందే. దాన్ని ఎవరూ నకలు అనలేదు. ఎందుకంటే వాళ్ళు అప్పు తెచ్చిన చోటు చెప్పకుండా ఇది మా రక్తం అన్నారు. రెండేళ్ళ తర్వాత అదే ఊళ్ళో ఇంకో గుంపు కుర్రాళ్ళు, ఇది మేం సముద్రం అవతలి నుంచి తెచ్చుకున్నాం అని తమ పేరులోనే చెప్పుకుని మొదలుపెట్టారు. వాళ్ళని నకలు అన్నారు.

నాకు ఇందులో అన్యాయం కనిపిస్తుంది. అప్పు ఒప్పుకున్నవాడికి నింద, దాచినవాడికి బిరుదు!

నార్వేకు హార్డాంగర్ ఫిడేలు అనే సొంత వాయిద్యం ఉంది కదా, అది వాయించొచ్చు కదా అని కొందరు అంటారు. బెర్గెన్‌కు దగ్గర్లోని హార్డాంగర్ లోయల్లో పుట్టిన ఫిడేలు అది. పైన వాయించే నాలుగు తంతుల కింద ఇంకో నాలుగో ఐదో తంతులు ఉంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోరు, పైవి పలికితే అవి వాటంతటవే గుంయ్‌మంటాయి. సితార్‌లో తరఫ్ తంతులు విన్నవాళ్ళకు అర్థమవుతుంది. అద్భుతమైన వాయిద్యం. ఒకప్పుడు అది దెయ్యం వాయిద్యమని మత పెద్దలు భయపెడితే భక్తులు తమ ఫిడేళ్ళను తామే కాల్చేసుకున్నారు కూడా. దాన్ని కాపాడేవాళ్ళు కాపాడుతున్నారు, వాళ్ళకు నా దండం. కానీ ఒక మనిషి ఏ పాట పాడాలో వాడు పుట్టిన జిల్లా నిర్ణయించాలనడం నాకు నచ్చదు. విజయవాడలో పుట్టినవాడు కూచిపూడే ఆడాలి, గజల్ పాడకూడదు అంటే ఒప్పుకుంటామా?

పైగా ఆ పాటల్లో ఉన్న బతుకు నార్వే వాళ్ళకు కొత్తది కాదు. ఐరిష్ పాటల్లో సగం ఊరు వదిలి ఓడ ఎక్కినవాళ్ళవి. ఐర్లండ్ తర్వాత తన జనాభాలో అంత పెద్ద వాటాను అమెరికాకు పోగొట్టుకున్న దేశం నార్వే. 1825 జూలై 4న స్టవాంగర్ నుంచి ఒక చిన్న తెరచాప ఓడ యాభై మందికి పైగా జనంతో బయలుదేరింది. తర్వాత వందేళ్ళలో దాదాపు 8 లక్షల మంది వెళ్ళిపోయారు. రేవులో నిలబడి చెయ్యి ఊపిన తల్లులు బెర్గెన్‌లోనూ ఉన్నారు. మా ఉత్తరాంధ్రలో ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మా ముత్తాత రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మేము అలాగే అంటాం. అక్కడ బియ్యం మిల్లులో పనిచేసి ఒకసారి తిరిగొచ్చాడు, రెండోసారి రాలేదు. ఓడ ఎక్కేవాడి పాట ఏ భాషలో ఉన్నా మా ఇంట్లో అర్థమవుతుంది.

ఇంతవరకు నేను ఒక పక్షం మాటలే చెప్పాను. అవతలి పక్షంలో బరువైన మాట ఒకటి ఉంది.

అన్ని ఎరువులూ ఒకటి కావు. ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, చేతిలో బీరు గ్లాసు పట్టుకుని, తూలుతూ పాడటమే ఐరిష్‌తనం అన్నట్టు నటించే బృందాలు యూరప్ నిండా ఉన్నాయి. ఐరిష్ వాళ్ళని తాగుబోతులుగా, మొరటువాళ్ళుగా చూపించి వందల ఏళ్ళు అవమానించింది ఇంగ్లండ్. ఆ అవమానాన్నే వేషంగా వేసుకుని టికెట్లు అమ్ముకుంటే ఆ కాన్సర్టినా విద్వాంసుడికే కాదు, ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మా సెకండ్ కోపంలో కొంత అదే ఉండి ఉంటుంది. దాన్ని నేను కాదనను.

ఇంకా గట్టి ఉదాహరణ నార్వే లోపలే ఉంది. ఉత్తరాన సామీలు అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్ళ పాటను యోయిక్ అంటారు. దాన్ని పాపం అన్నారు, బడుల్లో నోరు మూయించారు. వాళ్ళ పిల్లల్ని నార్వే పిల్లలుగా మార్చాలని ప్రభుత్వమే తరాల పాటు పనిచేసింది. ఓస్లో బృందం ఒకటి ఆ యోయిక్‌ని తీసుకుని నాలుగు గిటార్లు జోడించి అమ్ముకుంటే, అది ఐరిష్ రీల్ వాయించడంతో సమానం కాదు. గొంతు నొక్కినవాడే ఆ పాట ఎత్తుకుపోయినట్టు అవుతుంది.

మన దగ్గర డప్పు సంగతి చూడండి. డప్పు కొట్టే చెయ్యిని ఊరి బయట ఉంచాం. ఆ మోతను మాత్రం సినిమా పాటలోకి, రాజకీయ సభలోకి, పెళ్ళి ఊరేగింపులోకి తెచ్చుకున్నాం. డప్పు తోలు బిగించి, మంట దగ్గర కాచి, శ్రుతి చేయడం నేర్పిన మాదిగ గురువుల పేర్లు ఎన్ని ఆల్బంల మీద చూశారు? పాట తీసుకోవడం తప్పా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇక్కడ ఉంది. తీసుకోవడం కాదు తప్పు. ఇచ్చినవాడిని గడప బయట నిలబెట్టి తీసుకోవడం తప్పు.

బెర్గెన్ వాళ్ళని ఈ కొలతతో కొలిస్తే నాకు తప్పు కనిపించలేదు. ఐర్లండ్ వాడి నోటి ముందు కూడు వాళ్ళు లాగలేదు. 1994 నుంచి పాతికేళ్ళు దాటినా తమ పాటలు తామే కట్టుకుంటూ, చిన్న చిన్న వేదికల మీద పాడుతూ వచ్చిన బృందం అది. సరదా కోసం వేసుకున్న వేషమైతే అన్నేళ్ళు ఉండదు. ఇక ఆ గొంతు. వాళ్ళ గాయకుడు ఆర్విడ్ గ్రోవ్ పాడుతుంటే డబ్లిన్ యాసను అరువు తెచ్చుకున్నట్టు ఉండదు. ఇంగ్లిష్ పదాలు నార్వే నాలుక మీద కాస్త గరుగ్గా, రాయి మీద తాడు రాసుకున్నట్టు వస్తాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు అది లోపంగా తోచింది. ఇప్పుడు అక్కడే నాకు నమ్మకం కుదురుతుంది.

నన్ను చివరికి మార్చింది మాత్రం బెర్గెన్ కాదు, మా ఇంట్లో గోడకు వేలాడే ఫిడేలు.

మా పెదనాన్న విజయనగరంలో ఫిడేలు నేర్చుకున్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు అది. ఆ ఊళ్ళో ఫిడేలు పరాయిదని ఎవరైనా అంటే నవ్వుతారు. కానీ అది పరాయిదే. పద్దెనిమిదో శతాబ్దం చివర మద్రాసు కోటలో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాళ్ళు దాన్ని వాయించేవారు. ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దాన్ని ఒక యూరోపియన్ దగ్గర కూర్చుని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. ముత్తుస్వామి దీక్షితార్ ఇంకో అడుగు ముందుకేశారు. ఆ బ్యాండు వాయించిన బాణీలను విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. అవే నోటు స్వరాలు. అందులో వందే మీనాక్షి అనేది లిమరిక్ అనే ఐరిష్ బాణీ. ఐర్లండ్‌లోని ఊరి పేరు అది. దీక్షితార్ పరంపరను 1904లో అచ్చులోకి తెచ్చిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఎట్టయపురంలో వెలువడింది, తెలుగు లిపిలో.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 200 ఏళ్ళ కింద కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరు ఐరిష్ బాణీని తీసుకుని అందులో మధుర మీనాక్షిని కూర్చోబెట్టారు. దాన్ని మనం పిల్లలకు నేర్పిస్తున్నాం. నకలు అని ఎవరమూ అనం, అనకూడదు కూడా. అదే బాణీల కుటుంబం నుంచి బెర్గెన్ కుర్రాళ్ళు తెచ్చుకుంటే, ఫిడేలు ఉన్న ఇంట్లో పుట్టిన నేను తలూపి వచ్చాను.

ఆ తర్వాత ఇంకోసారి సెకండ్‌తో పనిచేశాను, వేరే ఓడ మీద. ఈ నోటు స్వరం సంగతి చెప్పాను. ఫోన్లో వినిపించాను కూడా. ఇంజన్ కంట్రోల్ రూమ్‌లో ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. సగంలో ఆ బాణీ గుర్తుపట్టాడు. ఏమీ అనలేదు. ఇంకోసారి పెట్టమన్నాడు.

ఇప్పుడు నేను ఒడ్డు ఉద్యోగంలో ఉన్నాను. మా అమ్మాయికి పదేళ్ళు. పెదనాన్న ఫిడేలు మీదే నేర్చుకుంటోంది. నేల మీద బాసిపట్లు వేసుకుని, ఫిడేలు కొసను కుడి పాదం మీద ఆనించి, సపసప శ్రుతిలో. మొన్న ఆదివారం ఆ తిమింగల వేట పాట బాణీని పాడి వినిపించి, వాయించమన్నాను. రెండు మూడు సార్లు తడిమాక దొరికింది.

"ఇది శంకరాభరణం లాగుంది నాన్నా. నోటు స్వరమా?"

"కాదమ్మా, ఓడల పాట."

కథ అడిగింది, చెప్పాను. ఈటె, తోక దెబ్బ, బోల్తా పడ్డ పడవ.

"తిమింగలం ఏమైంది?"

"వెళ్ళిపోయింది."

"పడవలో వాళ్ళు?"

కెప్టెన్ మనుషుల కోసమే ఎక్కువ ఏడ్చాడని చెప్పాను. రెండో పాఠం పెద్దయ్యాక చెప్తాను. మళ్ళీ విల్లు ఎత్తింది. గాంధారం దగ్గరికి వచ్చినప్పుడు, ఎవరూ చెప్పకుండానే, కింది నుంచి చిన్న జారుతో అందుకుంది. బెర్గెన్ వాళ్ళు అక్కడ అలా వాయించరు. నేను ఆపలేదు.